బొమ్మ గొరిల్లాని మళ్లీ కట్టారు, నల్లవాళ్ల గొంతుల్ని ఎవరు తెచ్చిస్తారు?

ఊళ్లో ఇల్లు తగలబడితే ముందేం అడుగుతాం? మనుషులు బయటపడ్డారా అని అడుగుతాం. తర్వాత గొడ్లు. తర్వాత గింజలు. అన్నీ అయ్యాక పెట్టెలో కాగితాలు గుర్తొస్తాయి. పట్టా కాగితం, కులం సర్టిఫికెట్, పిల్లోడి పదో తరగతి మార్కుల లిస్టు. కూలినాలి చేసుకుని గుడిసె మళ్లీ లేపుకుంటాం. కాగితం లేవదు. కాగితం పోయినోడు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి తానెవరో తానే రుజువు చేసుకోలేని స్థితికొస్తాడు. మాల మాదిగ వాడల్లో ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మేం రాస్తున్నది అమెరికాలో ఒక సినిమా స్టూడియో తగలబడ్డ సంగతి. 'సినిమావాళ్ల కొంప కాలితే మనకేంటి? అదీ అమెరికాలో!' అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన మాటే. చివరిదాకా చదవండి, మనకేంటో అప్పుడు మాట్లాడుకుందాం.

ఆ ఆదివారం తెల్లవారుజామున

2008 జూన్ 1. లాస్ ఏంజెల్స్ దగ్గర యూనివర్సల్ స్టూడియో. సినిమాల కోసం వేసిన వీధులు, చౌరస్తాలు, మేడలు అక్కడ వరసగా ఉంటాయి. ముందు నుంచి చూస్తే న్యూయార్క్ నగరం. వెనక్కెళ్లి చూస్తే చెక్కలు, ఆపు కర్రలు. గోడ ఉంటుంది, ఇల్లుండదు. జనం టిక్కెట్టు కొనుక్కుని బండెక్కి ఈ సెట్టింగులన్నీ చూసి పోతుంటారు. సినిమా తీయడం ఒక వ్యాపారం, తీసిన చోటు చూపించడం ఇంకో వ్యాపారం.

ఆ రాత్రి 'న్యూయార్క్ వీధి' సెట్టింగు పైకప్పుకి కూలీలు మరమ్మతు చేస్తున్నారు. తారు రేకుల్ని గ్యాసు మంటతో వేడి చేసి అతికించే పని. సుమారు మూడు గంటలకి పని అయింది. మంట పెట్టి పనిచేశాక ఇంకో గంట అక్కడే ఉండి కనిపెట్టాలని రూలు. గంట ఉన్నారు, పోయారు. నాలుగున్నర దాటాక మంట పైకి లేచింది. చెక్క ఊరు కదా, ఒక వీధి నుంచి ఇంకో వీధికి పాకడానికి ఎంతసేపు? వందలమంది ఫైరు సిబ్బంది వచ్చారు. పైపుల్లో నీళ్లు సరిపోయే జోరుతో రాలేదు. దగ్గర్లో ఉన్న సినిమా చెరువుల్లో నీళ్లు కూడా తోడుకోవాల్సొచ్చింది. అదుపులోకి తేవడానికి గంటలు పట్టింది.

న్యూయార్క్ వీధిలో చాలా భాగం పోయింది. 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమాలో కనిపించే కోర్టు చౌరస్తా కొంత పోయింది. టూరిస్టుల్ని భయపెట్టడానికి పెట్టిన కింగ్‌కాంగ్ గొరిల్లా బొమ్మ, దాని షెడ్డు మొత్తం పోయాయి. ఆ కింగ్‌కాంగ్ పక్కనే ఒక గిడ్డంగి ఉంది. దాని నెంబరు 6197. 'వీడియో వాల్ట్' అనేవాళ్లు. అదీ తగలబడింది.

ఇది ప్రమాదమేనని విచారణ చేసినవాళ్లు తేల్చారు. మేమూ కుట్ర అనడం లేదు. కూలీలు కావాలని చేశారని అసలే అనం. కానీ ఒక్కమాట అడుగుతాం. ఇదే స్టూడియోలో 1990 నవంబర్‌లో కూడా పెద్ద మంట లేచింది. అప్పుడు కూడా కాలింది ఈ వీధి సెట్టింగులే. కాలిన చోటే మళ్లీ చెక్క ఊరు కట్టి, దాని పక్కనే మళ్లీ పుట్టించలేని సరుకు నింపిన గిడ్డంగిని ఉంచింది ఎవరు? రాత్రి మూడింటిదాకా కప్పు మీద పనిచేసిన కూలీనా? నిప్పు రవ్వ కూలీ చేతిలోంచి జారి ఉండొచ్చు. నిప్పు పక్కన గడ్డివాము వేసింది మాత్రం కూలీ కాదు.

దొరలు చెప్పిన మాట

తెల్లారింది. పత్రికలవాళ్లు వచ్చారు. స్టూడియో పెద్దలు ఏం చెప్పారు? గిడ్డంగిలో ఉన్నవి నలభై యాభై వేల వీడియోలు, ఫిల్ము రీళ్లు అన్నారు. అవన్నీ కాపీలే, ఒరిజినల్సు వేరేచోట భద్రంగా ఉన్నాయన్నారు. మళ్లీ తెచ్చుకోలేనిది ఏదీ పోలేదన్నారు. పత్రికలు అదే అచ్చేశాయి. ప్రపంచమంతా 'అయ్యో కింగ్‌కాంగ్' అనుకుంది. తర్వాత 'అమ్మయ్య, బొమ్మే కదా' అనుకుంది.

మర్నాడు సోమవారం. టూరిస్టులకి గేట్లు తెరిచారు. రెండేళ్లలో, 2010లో, కింగ్‌కాంగ్ కొత్త హంగులతో మళ్లీ లేచాడు. ఈసారి బొమ్మ కాదు, కళ్లద్దాలు పెట్టుకుని చూసే త్రీడీ. వీధి సెట్టింగుల్నీ మళ్లీ వేసుకున్నారు. కథ సుఖాంతం.

అబద్ధం. కథ అక్కడ మొదలైంది.

ఆ గిడ్డంగిలో ఒక భాగాన్ని అద్దెకు తీసుకుని తన సరుకు పెట్టుకున్న ఇంకో కంపెనీ ఉంది. దాని పేరు యూనివర్సల్ మ్యూజిక్. పేరు ఒకటే గానీ అప్పటికి యజమానులు వేరు. స్టూడియో ఒకరిది, పాటల కంపెనీ ఇంకొకరిది. సినిమావాళ్లవి కాపీలు కాలాయి. పాటల కంపెనీవి కాలింది మాస్టర్ టేపులు. ఈ సంగతి లోకానికి ఎప్పుడు తెలిసింది? 2019 జూన్‌లో. జోడీ రోజెన్ అనే విలేఖరి న్యూయార్క్ టైమ్స్ వారి పత్రికలో పెద్ద వ్యాసం రాస్తే తెలిసింది. మంట 2008లో, మాట 2019లో. మధ్యలో పదకొండేళ్లు.

మాస్టర్ అంటే అసలు దస్తావేజు

మాస్టర్ టేపు అంటే ఏంటో ముందు తెలుసుకుందాం. గాయకుడు మైకు ముందు నిలబడి పాడిన నాడు ఆ గొంతు నేరుగా ఎక్కిన టేపు అది. రికార్డులు, క్యాసెట్లు, సీడీలు, ఫోన్లో వినే పాటలు, అన్నీ దాని పిల్లలే. పట్టా ఒరిజినల్‌కీ జిరాక్సుకీ ఎంత తేడానో మాస్టర్‌కీ కాపీకీ అంత తేడా. జిరాక్సుకి జిరాక్సు తీసి, దానికి మళ్లీ జిరాక్సు తీస్తూ పోండి. నాలుగోసారికి సర్వే నెంబరు కనిపించదు. పాటలోనూ అంతే. గాయకురాలు ఊపిరి పీల్చుకున్న చప్పుడు, వెనక డప్పు పక్కకి తొలిగిన చప్పుడు, అవన్నీ మాస్టర్‌లో ఉంటాయి.

ఇంకో సంగతి. మార్కెట్లోకి వదలని పాటలు కూడా ఆ టేపుల్లోనే ఉంటాయి. పాడి, పక్కన పెట్టేసినవి. రెండోసారి వేరేగా పాడినవి. పాట మొదలెట్టే ముందు మాట్లాడుకున్న మాటలు. వాటికి కాపీలే లేవు. అవి కాలితే కాలినట్టే, ఇక ఎవరూ వినలేరు.

ఎన్ని కాలాయి? కంపెనీవాళ్లు 2009లో తమలో తాము రాసుకున్న కాగితంలో 1,18,230 అని లెక్క వేసుకున్నారని ఆ వ్యాసం బయటపెట్టింది. అప్పట్లో ఆ టేపుల గిడ్డంగులు చూసుకున్న ఉద్యోగి ర్యాండీ ఆరన్సన్ అంచనా ఇంకా పెద్దది, 1,75,000 దాకా. పాటల్లో చెప్పాలంటే దాదాపు 5 లక్షల పాటలని కంపెనీ కాగితాలే అన్నాయి. వ్యాసం వచ్చాక కంపెనీ 'ఇది గోరంతలు కొండంతలు చేయడం' అంది. 2020లో కోర్టులో మాత్రం 19 మంది కళాకారుల ఒరిజినల్సు దెబ్బతిన్నట్టు ఒప్పుకుంది. సరే, లక్షా కాదు పందొమ్మిదే అనుకుందాం. ఆ పందొమ్మిది మందికైనా పదకొండేళ్లు ఎందుకు చెప్పలేదు? సొమ్ము పోయిన ఇంటివాడికి చెప్పకుండా దాచిన కావలివాణ్ణి మన ఊళ్లో ఏమంటారు?

ఎవరి గొంతులవి?

ఆ వ్యాసం చెప్పిన పేర్లు కొన్ని చూడండి. ఊరికే చదివేయకుండా ఒక్కొక్కరు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి.

మడ్డీ వాటర్స్. మిసిసిపీ రాష్ట్రంలో తెల్ల భూస్వామి పత్తి చేలల్లో పనిచేసినవాడు. అక్కడి నల్లవాళ్లది పాలుకి చేసే బతుకు. పంట దొరది, అప్పు మనది. ట్రాక్టరు తోలేవాడు. కూలి పెంచమంటే పెంచలేదు. 1943లో షికాగో రైలెక్కాడు. అక్కడ చెస్ అనే రికార్డు కంపెనీలో పాడాడు. ఆ పాటలు విని ఇంగ్లండులో తెల్లకుర్రాళ్లు గిటార్లు పట్టుకున్నారు, కోటీశ్వరులయ్యారు. మడ్డీ వాటర్సూ, ఆయనకి పాటలు కట్టిచ్చిన విల్లీ డిక్సనూ తమ పాటల డబ్బు కోసం 1970లలో ఆ రికార్డు కంపెనీవాళ్ల పబ్లిషింగ్ సంస్థ మీద కోర్టుకెక్కాల్సొచ్చింది. పాట కట్టినవాడు కోర్టు మెట్ల మీద, పాట అమ్మినవాడు మేడ మీద.

చక్ బెర్రీ. గిటారు పట్టుకుని ఊగుతూ పాడే రాకెన్‌రోల్‌కి దారి వేసిన నల్లవాడు. 1977లో అమెరికావాళ్లు వోయేజర్ అనే నౌకల్ని గ్రహాల అవతలికి పంపిస్తూ, ఈ భూమ్మీద మనుషులు ఇలా ఉంటారని చెప్పడానికి ఒక బంగారు పూత రికార్డు పెట్టారు. అందులో ఉన్న ఒకే ఒక్క రాక్ పాట చక్ బెర్రీది. అంటే ఆయన గొంతు సూర్యమండలం దాటి పోయింది. ఆయన చెస్ కంపెనీకి పాడిన పాటల మాస్టర్లని మాత్రం టూరిస్టుల గొరిల్లా పక్కన షెడ్డులో పెట్టారు.

అరేతా ఫ్రాంక్లిన్. తర్వాత ప్రపంచం రాణి అని పిలిచిన గాయని. పద్నాలుగేళ్ల పిల్లగా డెట్రాయిట్‌లో వాళ్ల నాన్న పాస్టరుగా ఉన్న చర్చిలో పాడింది. ఆ తొలి రికార్డింగులు చెస్ కంపెనీ ద్వారానే ఆ గిడ్డంగికి చేరాయి. మన వాడల్లో చర్చి మైకు ముందు నిలబడి తొలిసారి పాడిన ఆడపిల్లల్ని ఒక్కసారి తలుచుకోండి. ఆ గొంతే అది.

బిల్లీ హాలిడే. 1959లో చావుబతుకుల మధ్య ఆస్పత్రి మంచం మీద ఉంటే పోలీసులు అక్కడే అరెస్టు చేసి కాపలా పెట్టిన గాయని. బతికుండగా గది ముందు పోలీసు కాపలా, చచ్చాక గొంతుకి మాత్రం కాపలా లేదు.

జాన్ కోల్‌ట్రేన్. 1963 సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్‌లో తెల్లజాతి దురహంకారులు నల్లవాళ్ల చర్చికి బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపితే, ఒక్కమాట కూడా లేకుండా వాయిద్యంతోనే ఏడ్చినవాడు. ఆయన రికార్డు చేసిన ఇంపల్స్ కంపెనీ టేపులు కూడా అందులోవే. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎల్లా ఫిట్జెరాల్డ్, హౌలిన్ ఉల్ఫ్, ఇలా చెప్పుకుంటూ పోతే ఈ సంచిక చాలదు.

వీళ్లంతా పేరున్నవాళ్లు. పేరున్నవాళ్ల పాటలకి ఎక్కడో ఒక కాపీ దొరుకుతుంది. ఒక్క రికార్డు చేసి మళ్లీ పొలానికో ఫ్యాక్టరీకో పోయినవాళ్ల సంగతేంటి? వాళ్ల పాట అమ్ముడుపోదని కంపెనీ కాపీ తీయలేదు. కాపీ తీయలేదు కాబట్టి కాలితే మొత్తం పోతుంది. మంటకి పెద్దా చిన్నా తేడా లేదంటారు. ఉంది. పెద్దవాడికి జిరాక్సు ఉంటుంది.

తెల్లవాళ్లవీ కాలాయి కదా?

కాలాయి. మేం దాచం. బడ్డీ హాలీ, ప్యాట్సీ క్లైన్ లాంటి తెల్ల గాయకుల టేపులు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. కొందరు తెల్ల గాయకుల బృందాలు, వారసులు 2019లో పాటల కంపెనీ మీద పది కోట్ల డాలర్లు పైబడి దావా వేశారు. వాళ్లతోపాటు టూపాక్ షకూర్ అనే నల్ల గాయకుడి ఆస్తి చూసేవాళ్లూ వేశారు. ఈ టూపాక్ ఎవరు? బ్లాక్ పాంథర్ ఉద్యమంలో పనిచేసిన తల్లి కడుపున పుట్టినవాడు.

ఆ దావాతో ఒక విచిత్రం అందరి కళ్లా పడింది. కాలిపోయాక పాటల కంపెనీ ఊరుకోలేదు. నీ నిర్లక్ష్యం వల్ల నా సరుకు కాలిందని స్టూడియో మీద తనే కేసు వేసింది. 2013లో ఇద్దరూ రాజీ పడ్డారు. ఎంతకో బయటికి చెప్పలేదు. చూశారా? నష్టపరిహారం అడిగేచోట 'మా అమూల్యమైన మాస్టర్లు కాలాయి'. జనానికీ కళాకారులకీ చెప్పేచోట నోరు లేదు. ఒకే నోటికి రెండు నాలుకలు. ఆ డబ్బులో మా వాటా ఏదని గాయకుల తరఫువాళ్లు అడిగితే 2020 ఏప్రిల్‌లో కోర్టు దావా కొట్టేసింది. కాంట్రాక్టు కాగితాల్లో టేపుల మీద హక్కు కంపెనీలకే రాసుంటుంది మరి. గొంతు నీది, టేపు వాడిది. టేపు కాలితే డబ్బు వాడిది, బూడిద నీది.

భూమి దున్నేవాడిది, పట్టా దొరది అనే మాటకి ఇది అమెరికా తర్జుమా.

నిర్లక్ష్యానికీ రంగుంటుంది

'అయ్యా, నిర్లక్ష్యం అందరి మీదా ఒకటే' అంటారు కొందరు పెద్దమనుషులు. నిజమే, వ్యాపారి లాభం లేనిదేదీ దాచడు. ఇదే యూనివర్సల్ 1948లో తన దగ్గర మిగిలిన మూకీ సినిమాల నెగెటివ్‌లని తన చేతులతో తానే నాశనం చేసుకుంది. అక్కడ నిప్పు కూడా అక్కర్లేదు, లెక్కల పుస్తకం చాలింది. అమెరికా మూకీ సినిమాల్లో నూటికి 70 వరకూ పోయాయని వాళ్ల కాంగ్రెసు లైబ్రరీ 2013లో తేల్చింది.

కానీ ఇంకాస్త దగ్గరికొచ్చి చూడండి. ఆస్కార్ మిషో అనే నల్లవాడు ఆ రోజుల్లోనే సొంతంగా సినిమాలు తీశాడు. స్టూడియోలు రానివ్వకపోతే ఊరూరా తిరిగి నల్లవాళ్ల దగ్గరే డబ్బు పోగేసి తీశాడు. 1919లో తీసిన మొదటి సినిమా 'ది హోమ్‌స్టెడర్' నేడు లేదు. 1920లో 'విదిన్ అవర్ గేట్స్' తీశాడు. నల్లవాళ్లని తెల్లగుంపు చెట్టుకి ఉరేసే దుర్మార్గాన్ని తెరమీద చూపించాడు. ఆ సినిమా కూడా అమెరికాలో పోయింది. ఎక్కడ దొరికింది? స్పెయిన్‌లో. అక్కడ ఫిల్ము భద్రపరిచే సంస్థలో ఒక్క ప్రింటు మిగిలింది. దాన్ని తెచ్చి బాగుచేసి మళ్లీ చూపించారు. సొంత దేశం పోగొట్టిన బిడ్డని పరాయి దేశం సాకింది.

ఇంకోటి. మడ్డీ వాటర్స్ షికాగో పోకముందు, 1941లో, ఆ పత్తిచేల దగ్గర ఆయన గుడిసెకే వెళ్లి ఆయన గొంతు రికార్డు చేశారు ఇద్దరు. ఒకరు తెల్లవాడు అలన్ లోమాక్స్, ఇంకొకరు నల్లజాతి పండితుడు జాన్ వర్క్. కాంగ్రెసు లైబ్రరీ కోసం చేసిన పని అది. ఆ రికార్డింగులు లైబ్రరీలో ఉన్నాయి. కూలివాడిగా గుడిసెలో పాడింది నిలిచింది. పేరొచ్చాక కంపెనీకి పాడింది అద్దె షెడ్డులో పడి ఉంది. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? గొంతు ఎంత గొప్పదనేది కాదు ప్రశ్న. ఎవరి చేతిలో ఉంది, ఎన్నిచోట్ల ఉంది, ఎందుకోసం దాచారు అనేదే ప్రశ్న. అమ్ముకోవడానికి దాచినవాడు అమ్ముడుపోనన్నాళ్లూ దాన్ని చెత్తకిందే చూస్తాడు. మనుషుల జ్ఞాపకమని దాచినవాడు కాపాడతాడు.

అందుకే మేం అంటున్నాం, నిర్లక్ష్యానికీ రంగుంటుంది. మన దేశంలో నిర్లక్ష్యానికి కులముంటుంది.

మనకేంటి?

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకి వద్దాం.

నల్లవాళ్లకీ మనకీ చుట్టరికం కొత్తది కాదు. 1873లో జోతిరావు ఫూలే 'గులాంగిరి' రాసి, బానిసల్ని విడిపించడానికి నిలబడ్డ అమెరికా జనానికి అంకితమిచ్చాడు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. మీ సమస్యా మా సమస్యా ఒకలాంటిదే అన్నాడు. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఆ బ్లాక్ పాంథర్లని చూసే. కాబట్టి అక్కడ కాలిన గొంతులు మన మేనత్తల గొంతులే.

మన దగ్గర సినిమా సంగతి కూడా చూడండి. మలయాళంలో తొలి సినిమా 'విగతకుమారన్'. అందులో కథానాయిక పి.కె. రోసీ, దళిత స్త్రీ. నాయర్ స్త్రీ వేషం కట్టిందని అగ్రవర్ణాలవాళ్లు రాళ్లు పట్టుకుని వచ్చారు. ఊరొదిలి పారిపోయింది, మళ్లీ తెర మీదికి రాలేదు. ఆ సినిమా ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. ఆమె తెరమీద నవ్విందో ఏడ్చిందో చూసి చెప్పడానికి మనకి అడుగు ఫిల్ము లేదు. ఆమెని ఊరు తరిమింది, ఆమె బొమ్మని నిర్లక్ష్యం తినేసింది. 2003 జనవరిలో పుణెలో పాత ఫిల్ముల గిడ్డంగి తగలబడింది. మన దేశం తొలినాళ్ల సినిమాల రీళ్లు అందులో పోయాయి. పాత నైట్రేటు ఫిల్ము అగ్గిపుల్లలాంటిది, అంటుకుంటే ఆగదు. ఆ సంగతి తెలిసీ ఏళ్లకేళ్లు అలాగే ఉంచితే ఏమవుతుందో అదే అయింది.

సినిమా వదిలేద్దాం. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచాయి. కాలిందేంటి? భూముల ఫైళ్లు. ఎవరు చేశారు, ఎందుకు జరిగిందనేది తేల్చాల్సింది విచారణ, మేం తీర్పులివ్వం. కానీ అసైన్డు భూమి పట్టా పట్టుకుని బతికేవాడికి ఆ వార్త వినగానే గుండె ఎందుకు ఝల్లుమందో మాకు తెలుసు. రికార్డు ఒకేచోట ఉంటే, ఆ చోటు మన చేతిలో లేకపోతే, మన బతుకు ఒక అగ్గిపుల్ల దూరంలో ఉన్నట్టే.

మన ఇళ్లల్లో ఏం కాలుతోంది?

అన్నలారా, అక్కలారా! ఊరోళ్లని అన్నాం, కంపెనీలని అన్నాం. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత రాత్రికి రాత్రి కట్టిన పాటలెన్ని? మీటింగుల్లో డప్పు మీద పాడి క్యాసెట్లకెక్కించిన పాటలెన్ని? ఆ క్యాసెట్లు ఇప్పుడెక్కడున్నాయి? కొన్ని అటక మీద. కొన్ని బూజు పట్టి. టేపు మీద గొంతు ఎప్పటికీ నిలవదు. తేమ తగిలితే అంటుకుపోతుంది, ఏళ్లు గడిస్తే పొడి రాలుతుంది. అక్కడ ఒక్క రాత్రిలో కాలింది. మన దగ్గర రోజూ కొంచెం కొంచెం కాలుతోంది. పొగ రాదు కాబట్టి మనకి కనిపించదు.

'ఇప్పుడు అన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా' అంటారు కుర్రాళ్లు. ఫోను నీళ్లలో పడితే? పాటని కంపెనీవాడి యాప్‌లో పెట్టావు, రేపు వాడు తీసేస్తే? అది కూడా అద్దె షెడ్డే తమ్ముడూ. పక్కన కింగ్‌కాంగ్ కూడా ఉన్నాడు.

అందుకని మేం కోరేది పెద్ద పనేం కాదు. ప్రతి వాడలో ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు కూర్చోండి. ముసలమ్మల పాటలు, డప్పు దరువులు, చిందు కథలు, మీటింగు పాటలు, ఏ రోజు ఎవరు పాడారో పేరుతో సహా రికార్డు చేయండి. పేరు రాయకపోతే పాట ఎవడో ఎత్తుకుపోతాడు. పాత క్యాసెట్లు పాడవకముందే మార్పించండి. పాత కరపత్రాలు, నిజనిర్ధారణ నివేదికలు, ఎఫ్ఐఆర్ కాపీలు, కోర్టు కాగితాలు, ఫోటోలు తీయించి దాయండి. ఏదైనా సరే మూడు కాపీలుండాలి. ఒకటి పాడినవాళ్ల ఇంట్లో. రెండోది ఊళ్లో అందరికీ తెలిసిన చోట. మూడోది వేరే ఊళ్లో, వేరే కప్పు కింద. ఎవరైనా వచ్చి పరిశోధన అనో సినిమా అనో మీ అమ్మమ్మ గొంతు రికార్డు చేసుకుంటే, కాఫీ ఇవ్వండి, గౌరవంగా మాట్లాడండి, కానీ ఒక కాపీ చేతిలో పెట్టందే గడప దాటనివ్వకండి. ఏ కాగితం మీదైనా వేలిముద్ర వేసేముందు చదివించుకోండి.

ప్రభుత్వ లైబ్రరీలూ ఆర్కైవ్‌లూ మన పన్నులతో నడిచేవే. అక్కడ మన పాటలెన్ని ఉన్నాయి, ఏ గదిలో ఉన్నాయి, ఆ గదికి నిప్పు నుంచి ఏ రక్షణ ఉంది అని అడగండి. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, దరఖాస్తు పెట్టండి. మిషో సినిమా బతికింది స్పెయిన్‌లో ఎవరో ఒకరు ఒక ప్రింటు పారేయకుండా ఉంచారు కాబట్టి. మడ్డీ వాటర్స్ గుడిసె పాట బతికింది ఎవరో దాన్ని జనం ఆస్తి అనుకున్నారు కాబట్టి. గొప్పవాళ్లు గదా అని ఎవరూ కాపాడలేదు, కాపాడినవాళ్లుంటేనే మిగిలారు.

ఆ స్టూడియోలో కింగ్‌కాంగ్ ఇప్పటికీ టూరిస్టుల మీదికి దూకుతూనే ఉన్నాడు. టిక్కెట్లు తెగుతూనే ఉన్నాయి. బొమ్మని మళ్లీ చేసుకోవచ్చు, చెక్క వీధిని మళ్లీ వేసుకోవచ్చు. పద్నాలుగేళ్ల నల్లపిల్ల చర్చిలో నిలబడి పాడిన ఆ సాయంత్రాన్ని ఏ కంపెనీ వేసిస్తుంది?

మన సాయంత్రాలు మన దగ్గరే ఉంచుకుందాం. ఒరిజినల్ మన చేతిలో ఉండాలి. కాపీలు కావాలంటే వాళ్లకిద్దాం.